అల్లుణ్ని వెతుకుతున్నావా, ఎమ్మెల్యేనా? ఏ పార్టీ నచ్చనప్పుడు ఓటు నిర్ణయించుకునే పద్ధతి

2019 ఏప్రిల్ 11. మా వీధి బడిలో పోలింగ్. వేలికి సిరా పూయించుకుని అట్ట మరుగు వెనక్కి వెళ్లాను. ఆంధ్రప్రదేశ్‌లో పార్లమెంటుకూ అసెంబ్లీకీ ఒకేరోజు ఎన్నిక కాబట్టి యంత్రాలు రెండు. మొదటిదాని దగ్గర మీట నొక్కేశాను. రెండోదాని దగ్గర వేలు ఆగిపోయింది. పై నుంచి కిందికి చదివాను, కింది నుంచి పైకి చదివాను. "అయిందా అమ్మా?" అని అధికారి అడిగేదాకా అలాగే నిలబడ్డాను. ఆ కంగారులో ఒక మీట నొక్కి బయటికి వచ్చేశాను. ఏది నొక్కానో గుర్తుంది. ఎందుకు నొక్కానో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.

ఇంటికొచ్చి మా అత్తయ్యతో గోడు వెళ్లబోసుకున్నాను. ఈ పార్టీ మాటతీరు నచ్చదు, ఆ పార్టీ చేతలు నచ్చవు, మూడోది మన ఊళ్లో లేనే లేదు అని. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విని, "నువ్వు అల్లుణ్ని వెతుకుతున్నావా, ఎమ్మెల్యేనా?" అంది.

ఆ మాట నాలుగైదేళ్లు బుర్రలో తిరిగింది. 2024 మే ఎన్నికల నాటికి ఒక లెక్కల పుస్తకం కొని, నెలరోజుల ముందే కూర్చున్నాను. అప్పుడు చేసిన పనులే ఈ కింద వరుసగా రాస్తున్నాను. నేను ఎవరికి వేశానో ఇందులో ఉండదు. మీరు ఎవరికి వేయాలో అసలే ఉండదు.

మొదటి అడుగు: నచ్చకపోవడానికి కారణం కాగితం మీద పెట్టండి

"అందరూ ఒకటే" అనేది కారణం కాదు, విసుగు. విసుగుతో ఓటు వేస్తే 2019లో నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. పుస్తకంలో ఒక పేజీకి ఒక పార్టీ పేరు రాసి, దాని కింద "నచ్చనిది ఏమిటి" అని ఒక్కొక్క వాక్యంలో రాయండి. రాస్తున్నప్పుడే తేడాలు బయటపడతాయి.

కొన్నిసార్లు మనకు నచ్చనిది నాయకుడి నోటి దురుసు మాత్రమే, ఆ పార్టీ చేసిన పనుల్లో సగం మనకు ఇష్టమే. కొన్నిసార్లు పార్టీతో పేచీ లేదు, మన నియోజకవర్గంలో నిలబెట్టిన మనిషితోనే పేచీ. కొన్నిసార్లు పార్టీ అధికారంలో ఉండగా చేసిన ఒక పని మన కుటుంబానికి నేరుగా దెబ్బ. ఇంకొన్నిసార్లు మనకు ప్రాణప్రదమైన విషయం, అది కౌలు రైతుల గుర్తింపు కావచ్చు, దివ్యాంగులకు బస్సు సౌకర్యం కావచ్చు, ఏ పార్టీకీ పట్టదు. ఈ నాలుగింటికీ మందు ఒకటే కాదు. మొదటిదైతే చాలావరకు సర్దుకోవచ్చు. రెండోదైతే ఏ ఎన్నిక అన్నదాన్ని బట్టి ఉంటుంది, దాని సంగతి తర్వాతి అడుగులో చెబుతాను. మూడోదైతే, అలాంటి పనే అవతలివారు చేశారా అని వెతకాలి. నాలుగోదైతే ఓటు ఒక్కటే సరిపోదు.

రాసిన పేజీలన్నీ మర్నాడు ఒకసారి తిరగేయండి. "మన వాళ్లు", "వాళ్ల వాళ్లు" అనే మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి కొట్టేయండి. కులం పేరు రాయకపోయినా వాక్యం వెనక అది కూర్చుని ఉంటే మీకు తెలుస్తుంది. నా పుస్తకంలో అలాంటి వాక్యాలు రెండు దొరికాయి. సిగ్గేసింది, కొట్టేశాను. పేజీలో మిగిలినదే అసలు కారణం.

రెండో అడుగు: ఇది ఏ ఎన్నికో చూసుకోండి

వీధి దీపం వెలగలేదన్న కోపంతో పార్లమెంటు ఓటు వేసేవాళ్లను చూశాను. రైల్వే గేటు దగ్గర గంటసేపు ఆగామన్న కోపం సర్పంచ్ మీద తీర్చుకున్నవాళ్లనూ చూశాను. మురుగు కాలువ, తాగునీరు, వీధి దీపాలు పంచాయతీ లేదా మునిసిపాలిటీ పనులు. పోలీసులు, భూమి రికార్డులు, సాగునీరు, ప్రభుత్వ ఆసుపత్రులు రాష్ట్రానివి. రైళ్లు, పాస్‌పోర్టులు, జాతీయ రహదారులు, రక్షణ కేంద్రానివి. మీ పేజీల్లో రాసుకున్న ఫిర్యాదుల పక్కన "ఊరు", "రాష్ట్రం", "కేంద్రం" అని గుర్తు పెట్టుకుంటే సగం బరువు దిగిపోతుంది.

ఇక మనిషా, పార్టీయా అన్న ప్రశ్న. దీనికి ఎన్నికను బట్టే జవాబు మారుతుంది. గ్రామ పంచాయతీ ఎన్నికలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి. కండువాలు కనిపిస్తాయి కానీ బ్యాలెట్ మీద ఉండేది పార్టీ గుర్తు కాదు. అక్కడ మనిషిని చూసే వేయాలి. ఎంపీటీసీ, జడ్పీటీసీలకు పార్టీ గుర్తులు ఉంటాయి. అసెంబ్లీ, లోక్‌సభలకు వచ్చేసరికి విప్ అనేది ఒకటి ఉంది, అంటే సభలో ఎటు ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం. 1985లో రాజ్యాంగానికి 52వ సవరణ ద్వారా వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ ఆదేశాన్ని కాదని సభలో ఓటు వేసిన సభ్యుడి పదవి పోవచ్చు. అంటే మీ అభ్యర్థి ఎంత మంచివాడైనా, బడ్జెట్ మీదో విశ్వాస తీర్మానం మీదో చెయ్యెత్తే వేళ అది పార్టీ చెయ్యే. "పార్టీ చెడ్డదే కానీ మనిషి బంగారం" అన్న మాట సర్పంచ్ ఎన్నికలో నిలబడుతుంది, అసెంబ్లీలో సగమే నిలబడుతుంది.

సగమే అని ఎందుకన్నానంటే, మనుషులు పార్టీలు మారుతూనే ఉన్నారు. 2014కూ 2019కీ మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైకాపా ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తెరాసలో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తర్వాత పది మంది భారాస ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా నడిచింది. పార్టీని చూసి వేసినా మనిషిని గమనించక తప్పని పరిస్థితి ఇది. ఆయన ఇంతకుముందు ఎన్ని కండువాలు మార్చాడో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

ఆంధ్రప్రదేశ్‌లోలాగా రెండు ఎన్నికలూ ఒకేరోజు వస్తే, రెండు ఓట్లూ ఒకే పార్టీకి వేయాలని ఎక్కడా లేదు. యంత్రం మీద పార్లమెంటు బ్యాలెట్ తెల్ల కాగితం, అసెంబ్లీది గులాబీ. నా పుస్తకంలోనూ ఒక పేజీకి "తెలుపు", ఇంకో పేజీకి "గులాబీ" అని పేర్లు పెట్టుకున్నాను.

మూడో అడుగు: మూడే విషయాలు

మీకు ముఖ్యమైనవి మూడంటే మూడు రాయండి. పది రాస్తే అన్ని పార్టీలూ ఏదో ఒకదాంట్లో పాసవుతాయి, మళ్లీ మొదటికొస్తారు. నావి: మా వైపు కాలువ చివరి భూములకు నీరు, అమ్మాయిలకు సాయంత్రం ఏడు తర్వాత ఊరికి బస్సు, పోలీస్ స్టేషన్‌లో పార్టీ అడగకుండా ఫిర్యాదు తీసుకోవడం. మీవి వేరే ఉంటాయి. ఇవి రాయడానికి అరగంట చాలు.

నాలుగో అడుగు: అఫిడవిట్ చదవండి

చాలామంది దాటవేసే అడుగు ఇది. నాకు మాత్రం అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది.

అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఫారం 26 అనే ప్రమాణపత్రం ఇవ్వాలి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఇది మన చేతికి వచ్చింది. అంతకుముందు అభ్యర్థి మీద కేసులున్నాయా, ఆస్తులెన్ని అన్నవి ఊళ్లో చెప్పుకునే కబుర్లే. ఇప్పుడు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో నియోజకవర్గం ఎంచుకుంటే అభ్యర్థుల పత్రాలన్నీ కనిపిస్తాయి. కంప్యూటర్ అలవాటు లేనివాళ్లు రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద చూడవచ్చు. నేను పక్క వీధి జిరాక్సు షాపులో నలుగురివి అచ్చు తీయించాను. షాపతను "మీరు కూడా నిలబడుతున్నారా మేడమ్?" అని అడిగాడు.

ముందు కేసుల పేజీ తీయండి. ఎన్ని కేసులు అన్నది చూడగానే బెదిరిపోకండి, మురిసిపోకండి. సెక్షన్లు చూడండి. ధర్నా చేసినందుకు, అనుమతి లేకుండా ఊరేగింపు తీసినందుకు పెట్టిన కేసులు వేరు. మోసం, దాడి, భూమి కబ్జా, మహిళలపై నేరాలు వేరు. ప్రతిపక్షంలో ఉండి జనం కోసం రోడ్డెక్కిన మనిషి మీద పది కేసులుండవచ్చు, పైకి పెద్దమనిషిలా కనిపించేవాడి మీద ఒకే ఒక్క కేసు, అదీ తీవ్రమైనది, ఉండవచ్చు. కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా అన్న వివరం కూడా అక్కడే ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ దశ దాటి అభియోగాల దాకా వచ్చిందంటే న్యాయమూర్తి కాగితాలు చూశారని అర్థం. శిక్ష పడిన కేసులకు విడిగా చోటు ఉంటుంది.

నేర కేసులున్న అభ్యర్థి ఆ సంగతిని ప్రచార సమయంలో మూడుసార్లు పత్రికల్లోనూ టీవీల్లోనూ ప్రకటించాలి. 2020లో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకెక్కి, కేసులు లేనివారిని కాదని ఈయన్నే ఎందుకు ఎంచుకున్నారో పార్టీ చెప్పాలంది. ఆ కారణాలు ఓపిగ్గా చదవండి. గెలవగలడు అన్నది మాత్రమే కారణం కాకూడదని కోర్టు స్పష్టంగా చెప్పింది. అందుకే అక్కడ "నియోజకవర్గంలో ప్రజాదరణ, సేవాభావం" లాంటి మాటలు కనిపిస్తాయి. పార్టీ పేరు తీసేస్తే ఏ అభ్యర్థికైనా అతికే మాటలు.

తర్వాత ఆస్తులు. మొత్తం అంకె చూసి ఆశ్చర్యపోవడం వల్ల లాభం లేదు. మన వైపు పదేళ్ల కిందటి పొలం ధర ఇప్పుడు ఎన్ని రెట్లో మనకే తెలుసు, భూమి ఉన్నవాడి అంకె దానంతటదే పెరుగుతుంది. చూడవలసింది "ఎప్పుడు కొన్నారు" అన్న గడి. పాత ఎన్నికల అఫిడవిట్ కూడా దొరికితే పక్కపక్కన పెట్టండి. పదవిలో ఉన్న ఐదేళ్లలో కొత్తగా వచ్చిన సర్వే నంబర్లు ఎన్ని, అవి ఎక్కడివి, ఆ పక్కన బైపాస్ రోడ్డు ఏమైనా వచ్చిందా అన్నవి లెక్కల మాస్టారు అక్కర్లేకుండానే తెలుస్తాయి. అప్పుల పేజీ కూడా చూడండి. ఎవరి దగ్గర అప్పు తీసుకున్నాడో వాళ్ల మాట వినవలసి వస్తుంది కదా.

ఐదు సంవత్సరాల ఆదాయపు పన్ను లెక్క, కుటుంబ సభ్యులది కూడా, ఒక పట్టికలో ఉంటుంది. ప్రభుత్వ కాంట్రాక్టులు ఉన్నాయా అన్న గడి మాత్రం తప్పకుండా చదవండి. ఏ గడీ ఖాళీగా వదలకూడదని, లేకపోతే "లేదు" అని రాయాలని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. చదువు గడిని నేను పెద్దగా పట్టించుకోను. పట్టాలున్న మొండివాళ్లను, పదో తరగతి తప్పిన తెలివైనవాళ్లను ఇద్దరినీ చూశాను.

ఐదో అడుగు: హామీలు కాదు, చేసిన పనులు

మేనిఫెస్టోకు చట్టబద్ధత లేదు. అమలు చేయలేదని కోర్టుకు వెళితే నిలవదు. అయినా చదవండి, అయితే మీరు రాసుకున్న మూడు విషయాల కోసం మాత్రమే. నా బస్సు సంగతి ఎవరి మేనిఫెస్టోలోనూ లేదు. నీటి సంగతి అందరిదాంట్లోనూ ఉంది, "చివరి ఎకరా వరకు" అనే పాతమాటతో. అలాంటప్పుడు అధికారంలో ఉన్నప్పుడు ఎవరు ఎంత తవ్వించారో కాలువ గట్టు మీదికి వెళ్లి చూసిరావడం మేలు.

ఎంపీ అయితే సభకు ఎన్ని రోజులు వచ్చారు, ఏ ప్రశ్నలు అడిగారు అన్నది పార్లమెంటు వెబ్‌సైటులోనే ఉంటుంది. ఎంపీ స్థానికాభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్లు. మీ మండలంలో అది దేనికి ఖర్చయిందో సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అంటే ఇది ఎన్నికల నెలలో చేసే పని కాదు, ముందే చేసుకోవాలి.

ఆరో అడుగు: అర్జీ పరీక్ష

ఇంతదాకా చెప్పినవన్నీ చేసినా ఇద్దరు అభ్యర్థులు సమానంగా తేలవచ్చు. లేదా సమానంగా మునగవచ్చు. అత్తయ్య మాట నాకు అక్కడ పనికొచ్చింది. అల్లుడైతే నచ్చాలి. ఎమ్మెల్యే నచ్చనక్కర్లేదు. వచ్చే ఐదేళ్లు ఆయన దగ్గరికి అర్జీ పట్టుకుని వెళ్లగలగాలి, ఆయనతో పోట్లాడగలగాలి, పోట్లాడి క్షేమంగా ఇంటికి రాగలగాలి.

మా వీధి చివర కల్వర్టు కూలింది. రెండు వానాకాలాలు పిల్లలు మోకాలి లోతు నీళ్లలో బడికి వెళ్లారు. వీధివాళ్లం పద్దెనిమిది మంది సంతకాలతో అర్జీ రాసి, ఊళ్లో ఉన్న ఇద్దరు నాయకుల దగ్గరికీ వెళ్లాం. ఒకరు పదవిలో ఉన్నారు, ఒకరు లేరు. ఎవరు ఏ పార్టీయో చెప్పను. ఒక ఇంటి గుమ్మంలో కాగితం అందుకున్న మనిషి ముందుగా అడిగిన ప్రశ్న "మీ వీధి ఎవరి తరఫు?" కాగితం తీసుకున్నారు, నకలు మీద సంతకం పెట్టమంటే "మా మీద నమ్మకం లేదా?" అన్నారు. రెండో చోట నాయకుడే కాగితం మొత్తం చదివాడు. "ఇది నా చేతిలో లేదమ్మా, మునిసిపల్ ఇంజినీరు చూడాలి. నేను ఫోను చేస్తాను కానీ ఈ ఏడాది డబ్బు ఉందని నేననుకోను" అన్నాడు. నకలు మీద తేదీ వేసి సంతకం పెట్టాడు. కల్వర్టు ఇద్దరి వల్లా కాలేదు. కానీ ఆ సాయంత్రం నా పుస్తకంలో పేజీలు నింపనవసరం లేకుండానే తేడా తెలిసింది.

కాబట్టి ప్రతి అభ్యర్థి పేజీ కిందా ఈ ప్రశ్నలకు జవాబు రాయండి. ఈయన ఊళ్లో ఎప్పుడు దొరుకుతాడు, ఎవరిని దాటుకుని వెళ్లాలి? మనం ఓటు వేయలేదని తెలిసినా పని చేస్తాడా? "కాదు" అని ముఖం మీద చెప్పగలడా, లేక అందరికీ "చూద్దాం" అంటాడా? ఆయనకు వ్యతిరేకంగా ధర్నా చేసినవాళ్లకు, పత్రికలో రాసినవాళ్లకు ఆ తర్వాత ఏమైంది? చివరి ప్రశ్న పార్టీకి కూడా వేయండి. అధికారంలో ఉన్నప్పుడు ప్రతిపక్షం సభ పెట్టుకోనిచ్చారా, స్థానిక ఎన్నికల్లో ఎదుటివాళ్లను నామినేషన్ వేయనిచ్చారా? వీటికి జవాబు బాగుంటే మిగతా తప్పులను ఐదేళ్ల తర్వాత మనమే దిద్దుకోవచ్చు. బాగోలేకపోతే దిద్దుకునే వీలు కూడా పోతుంది. నా వరకు ఏ పథకం కంటే దీనికే ఎక్కువ మార్కులు.

ఏడో అడుగు: గెలుపు లెక్క, చిన్న పార్టీలు

"గెలవని వాడికి వేస్తే ఓటు వృథా" అంటారు. పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా నిజమూ కాదు. ముందు మీ నియోజకవర్గంలో పోయినసారి ఆధిక్యం ఎంతో చూడండి. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 ఓట్లతో తేలింది. 2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ 25 ఓట్లతో, 2023లో చేవెళ్ల 268 ఓట్లతో. అలాంటి చోట మీకు మూడో అభ్యర్థి నచ్చినా, మొదటి ఇద్దరిలో ఒకరు మీకు బొత్తిగా పనికిరారనుకుంటే, రెండోవారికి వేయడం తెలివైన పనే. ఆధిక్యం యాభై వేలు దాటిన చోట ఆ బెంగ అక్కర్లేదు, మనసు చెప్పినవారికి వేయవచ్చు. ఫారం 20 అనే పట్టికలో మీ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని పడ్డాయో కూడా ఉంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది. నాకు అది చూశాక మా వీధి గురించి ఉన్న అభిప్రాయాలు కొన్ని మారాయి.

ఓడిపోయే అభ్యర్థికి పడే ఓటుకూ విలువ ఉంది. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ పోతుంది, దాటితే దక్కుతుంది. పార్టీకి గుర్తింపు, శాశ్వత గుర్తు కూడా ఓట్ల శాతాన్ని బట్టే. తెలుగుదేశం 1982 మార్చిలో పుట్టి 1983 జనవరిలో అధికారంలోకి వచ్చింది, ఆ తొమ్మిది నెలల్లో ఎందరు "వృథా" అన్నారో పాతవాళ్లను అడగండి. మరోవైపు ప్రజారాజ్యం 2009లో 18 స్థానాలు గెలిచి 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అదే 2009లో లోక్‌సత్తా కూకట్‌పల్లి ఒక్కటే గెలిచింది. కొత్త పార్టీని అడగవలసింది "గెలుస్తావా?" అని కాదు, "ఓడితే ఉంటావా?" అని. ఎన్నికలు లేని ఏడాదిలో వాళ్ల జెండా మీ ఊళ్లో కనబడిందో లేదో గుర్తు చేసుకోండి.

నోటా సంగతి

2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు తీర్పుతో నోటా, అంటే "పై అభ్యర్థులెవరూ కాదు" అని చెప్పే మీట, వచ్చింది. యంత్రం మీద అన్నిటికంటే కింద, అడ్డగీతలు కొట్టిన బ్యాలెట్ గుర్తుతో ఉంటుంది. దానికి ముందు 49-ఓ నిబంధన కింద "నేను ఓటు వేయను" అని అధికారి ముందు రిజిస్టరులో రాయించాలి, అంటే ఊరందరికీ తెలిసిపోతుంది. ఇప్పుడు రహస్యంగా ఉంటుంది. అంతవరకు మేలే.

కానీ శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, దాని తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. డిపాజిట్ లెక్కలోకి కూడా ఆ ఓట్లు రావు. 2024లో ఇందోర్‌లో నోటాకు 2 లక్షలు దాటి వచ్చాయి. మన అరకు లోక్‌సభ స్థానంలో 2019లో దాదాపు 48 వేలు, 2024లో 50 వేలకు పైగా. ఆ అరకు ఓట్లు దేని మీద కోపమో ఎవరైనా చెప్పగలరా? రోడ్డు లేదనా, అభ్యర్థులు నచ్చలేదనా, గుర్తు అర్థం కాలేదనా? తలా ఒక అర్థం చెబుతారు. నోటా అంటే విషయం రాయని అర్జీ. అందుకున్నవాడు దాన్ని పక్కన పెట్టేస్తాడు.

విషయం రాసిన అర్జీ ఎలా ఉంటుందో చూడాలంటే నల్లగొండ, నిజామాబాద్ చూడండి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నల్లగొండలో వందల మంది నామినేషన్లు వేశారు, బరిలో నిలిచినవారు 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఏడాదే డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచారు, ఇప్పుడది లోక్‌సభకు 25 వేలు, అసెంబ్లీకి 10 వేలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. అయినా 2019లో పసుపు బోర్డు కావాలని, ధర కావాలని నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు బల్లల మీద వరుసగా పేర్చారు. వాళ్లెవరూ గెలవలేదు. కానీ పసుపు అన్న మాట తెలియకుండా ఆ ఎన్నిక గురించి ఎవరూ మాట్లాడలేకపోయారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. దానికి ఆ నామినేషన్లే కారణమని నేననను. నోటా నొక్కి ఉంటే మాత్రం పసుపు ఊసు వచ్చేది కాదు.

అయితే నోటా వద్దా? అభ్యర్థులందరి కేసుల పేజీలూ చదివాక ఒక్కరి పేరు మీదికీ వేలు పోకపోతే నొక్కండి. ఇంట్లో కూర్చోవడం కంటే వేయి రెట్లు నయం. మీ ఓటు ఇంకొకరు వేసేయకుండా కూడా ఉంటుంది. కాకపోతే అదే రోజు ఎందుకు నొక్కారో ఒక ఉత్తరం రాసి గెలిచినవారికీ ఓడినవారికీ పంపండి.

ఎనిమిదో అడుగు: అంకెలు వేయండి

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఎప్పుడైనా ఓటు వేశారా? అక్కడ మీట ఉండదు. అధికారి ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతో అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యం రాయాలి. మొదటివాడు గెలవకపోతే రెండోవాడికి మీ ఓటు చేరుతుంది. అసెంబ్లీకి అలాంటి అదృష్టం లేదు కానీ ఇంట్లో కూర్చుని అలా రాసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. పై నుంచి కాకుండా కింది నుంచి మొదలుపెట్టండి. ఎట్టి పరిస్థితుల్లోనూ గెలవకూడని మనిషి ఎవరు? ఆయనకు చివరి అంకె. ఆయన తర్వాత ఎవరు? అలా పైకి రండి. "ఎవరూ నచ్చలేదు" అనే నేను కూడా పదకొండు మందిలో చివరి ఏడుగురికి రెండు నిమిషాల్లో అంకెలు వేసేశాను. తేలనిది పై నలుగురిలోనే. వాళ్లకు మళ్లీ అర్జీ పరీక్ష, తర్వాత గెలుపు లెక్క.

ఈ పని పోలింగ్‌కు వారం ముందే ముగించండి. ఆఖరి 48 గంటల్లో ప్రచారం ఆగిపోతుంది, అసలు ప్రచారం అప్పుడే ఫోనులోకి వస్తుంది. ఆ రెండు రోజుల్లో వచ్చిన వీడియో చూసి అంకెలు మార్చకండి. కవర్లు కూడా అప్పుడే వస్తాయి. ఓటు కోసం డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే, ఏడాది దాకా జైలు పడవచ్చు. "ఇద్దరి దగ్గరా తీసుకుని నచ్చినవాడికి వేస్తా" అనేవాళ్ల తెలివి నాకెప్పుడూ అర్థం కాలేదు. మర్నాడు కల్వర్టు అర్జీ పట్టుకుని వెళితే "మీ వీధికి లెక్క ముట్టింది కదా" అంటారు. అనగా విన్నాను కూడా.

పోలింగ్ రోజు

జాబితాలో పేరు ఉందో లేదో నెల ముందే చూసుకోండి, చిరునామా మారితే ఫారం 8. విదేశాల్లో ఉండి భారత పౌరసత్వం ఉంచుకున్న తెలుగువాళ్లు ఫారం 6ఏ తో పేరు నమోదు చేసుకోవచ్చు, కానీ పాస్‌పోర్టుతో ఊరికి వచ్చి వేయాల్సిందే. లోపలికి ఫోను తీసుకెళ్లకండి. మీట నొక్కాక వీవీప్యాట్ (మీ ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే పెట్టె) అద్దం వెనక కాగితం 7 సెకన్లు కనబడుతుంది, పేరూ గుర్తూ చూసుకుని కదలండి. మీ పేరున అప్పటికే ఎవరో వేసేశారని చెబితే వెనక్కి రాకండి, టెండర్డ్ ఓటు కావాలని అడగండి. అది కాగితం బ్యాలెట్ మీద వేయిస్తారు.

2024 మే 13న నేను మరుగు వెనక పది సెకన్లు కూడా లేను. తెలుపు ఒకటి, గులాబీ ఒకటి. ఫలితాలొచ్చిన మూడో వారంలో, గెలిచిన మనిషి నేను వేసినవాడా కాదా అన్న సంగతి పక్కన పెట్టి, పాత అర్జీనే కొత్త తేదీతో రాసుకుని వీధివాళ్లం వెళ్లాం. ఈసారి సంతకాలు ఇరవై ఆరు. నకలు మీద ముద్ర వేయించుకుని పుస్తకం చివరి పేజీలో అంటించాను.